పేరు మధ్య ఖాళీ

వాతావరణం చదివేటప్పుడు గున్వర్ మాటల్ని కోసి చదివేది.

కల్వ్‌హోల్మెన్ దీవిలోని రేడియో కేంద్రం నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సముద్రం మీదున్న పడవలకి గాలివానల కబురు వెళ్ళేది. వినేవాళ్ళు దాన్ని రాసుకోవాలి. రాసుకునేవాడి ఒక చెయ్యి చుక్కాని మీద ఉంటుంది. రెండో చేతికి తడి ఉన్ని తొడుగు, వేళ్ళ మధ్య మొండి పెన్సిలు. పడవ ఊగుతుంటుంది, ఇంజను డబడబలాడుతుంటుంది. అలాంటివాడి చెవిలో నార్వే మాటని ఉన్నదున్నట్టు పోస్తే ఏమీ మిగలదు. ఆ భాషలో మాటలకి ఒంటరితనం గిట్టదు. మంచు, జల్లు అని రెండు మాటలుంటే సందు లేకుండా అతికి ఒకే మాట చేసేస్తారు. దానికి ముందు ఇంకోటి, ఆ ముందు మరోటి అతికినా అడ్డు చెప్పేవాళ్ళు లేరు. చివర నిలబడ్డ మాటే ఇంటి పెద్ద, ముందువన్నీ దాని వెంట వచ్చినవే. రాసేటప్పుడు మధ్యలో ఖాళీ వదిలితే బడిలో ఎర్ర సిరా పడుతుంది. రేడియోలో మాత్రం ఖాళీ వదలక తప్పదు. ఎక్కడ వదలాలన్నదే అసలు విద్య.

ఆ విద్య గున్వర్‌కి నేర్పింది ముసలి ఆన్‌ఫిన్. ఆమె చేరిన మొదటి రోజున ఆగ్నేయపు గాలి వీస్తోంది. సోర్ అంటే దక్షిణం, ఓస్ట్ అంటే తూర్పు. గున్వర్ బడిపిల్లలు చప్పట్లు కొట్టి పలికినట్టు నాలుక ఎక్కడ ఆగితే అక్కడే ఆగి, "సో... రోస్ట్" అని చదివింది. రోస్ట్ అని ఉత్తరాన ఒక దీవి ఉంది. చదవడం అయ్యీ అవగానే ఒక ముసలి సరంగు రేడియోలోకి వచ్చి, గాలి రోస్ట్ దీవికి వెళ్తోందో అక్కణ్ణించి వస్తోందో కొత్తమ్మాయిని కనుక్కుని చెప్పండన్నాడు. ఆ సాయంత్రం తీరమంతా నవ్వింది. ఆన్‌ఫిన్ మాత్రం నవ్వలేదు. కాఫీ పోసిచ్చి నెమ్మదిగా చెప్పాడు. "నాలుక ఆగిన చోట కోశావమ్మాయ్. మాట అతికిన చోట కొయ్యాలి. కీలు చూడకుండా చేపని కోస్తే ప్రతి ముక్కలోనూ ముల్లే."

ఆ తర్వాత ఆమె మళ్ళీ తప్పు కొయ్యలేదు. తీరం పొడుగునా వంటిళ్ళలో ఆడవాళ్ళు కూడా ఆ రేడియో పెట్టుకుని కూర్చునేవారు. భర్తలూ కొడుకులూ ఏ గాలిలో ఉన్నారో వాళ్ళకి గున్వర్ గొంతే చెప్పేది. కొట్లో ఉప్పు కొనడానికి వెళ్తే ఆ గొంతు విని తలలన్నీ ఆమె వైపు తిరిగేవి.

ఆమెని భయం లేకుండా ఏడిపించేవాడు తమ్ముడు యెర్మున్ ఒక్కడే. "మా అక్క మాటల్ని కోసి ఉప్పులో వేస్తుంది, చలికాలానికి" అనేవాడు, పదిమందిలో.

అనడానికి వాడికి హక్కుంది. తల్లి పోయాక వాణ్ణి పెంచింది, చదవడం నేర్పింది గున్వరే. పుస్తకంలో పొడుగు మాట కనిపిస్తే చాలు, వాడికి కళ్ళనీళ్ళు తిరిగేవి. అప్పుడామె పల్చటి ఎండురొట్టె తెచ్చి, ఇదే నీ మాట అనేది. అతుకు ఎక్కడుందో చెబితే అక్కడ విరిచి, చదివిన సగం వాడికి పెట్టేది. క్వెల్ అంటే సాయంత్రం, మాత్ అంటే తిండి. రెండూ కలిస్తే రాత్రి భోజనం. కానీ ఆ రెండిటి మధ్యా ఒక 'స' వచ్చి కూర్చుంటుంది. యెర్మున్ దాని మీద వేలు పెట్టి ఇదెవరిదని అడిగాడు. ఎవరిదీ కాదురా, రెండిటినీ పట్టి ఉంచే జిగురంది గున్వర్. "ఎవరిదీ కాకపోతే నాదే" అని, విరిచినప్పుడు బల్ల మీద రాలిన రొట్టె పొడిని వేలితో అద్దుకుని తినేశాడు. పెద్ద ముక్క కోసం కావాలనే తప్పు చోట చూపించే రోజులూ ఉండేవి. ఆమెకి తెలిసేది. అయినా విరిచి పెట్టేది.

పెద్దవాడై, పెళ్ళి చేసుకుని, సొంత పడవ కొన్నాక దానికి హావెల్లా అని పేరు పెట్టాడు. హావ్ అంటే సముద్రం. ఎల్లా అనేది చలికాలంలో ఆ తీరానికి వచ్చే ఒక బాతు అరుపు నుంచి పుట్టిన మాట అంటారు. పేరు వినగానే గున్వర్ పెదవి విరిచింది. హావ్ చివర ఉన్న అక్షరం ఎల్లా ఒళ్ళో పడి రెండూ కలిసిపోతాయి, గాలిలో పిలవడానికి పనికిరాదు, ఇంకేదైనా పెట్టుకోమంది.

"కొయ్యడానికి నువ్వున్నావుగా అక్కా" అన్నాడు. తను మాత్రం ఎప్పుడూ ఒక్క గుక్కలో, హావెల్లా అని, బిడ్డని పిలిచినట్టు పిలిచేవాడు.

ఫిబ్రవరిలో స్క్లిన్నా బాంకెన్ అనే సముద్రపు మెరక మీద చేపల వేటకి వెళ్ళిన హావెల్లా తుఫాను తర్వాత జవాబివ్వలేదు.

జవాబివ్వని పడవని వాతావరణం చదివిన ప్రతిసారీ పేరు పెట్టి పిలవాలి. పేరుని అతుకు దగ్గర కోసి, అక్కడ ఒక ఊపిరంత ఖాళీ ఉంచాలి. బ్యాటరీ తడిసిపోయి గొంతు పీలగా వచ్చేవాడెవడైనా ఉంటే ఆ ఖాళీలోనైనా దూరుతాడని ఆన్‌ఫిన్ చెప్పేవాడు. గున్వర్ అలాగే పిలిచింది. "హావ్... ఎల్లా. కల్వ్‌హోల్మెన్ పిలుస్తోంది. హావ్... ఎల్లా." తర్వాత మీట వదిలి వినేది. నూనెలో నీటిబొట్టు పడ్డట్టు చిటపటలు తప్ప ఏమీ వినిపించేది కాదు.

పడవలు వెతికాయి. విమానం వెతికింది. చివరికి హావెల్లా రంగు గీతలున్న వలని తేల్చే బుడ్డి ఒకటి, ఒక చెక్క మూత దొరికాయి. యెర్మున్‌తో వెళ్ళిన ఇద్దరూ పక్క దీవి వాళ్ళు. అక్కడి చర్చిలో వాళ్ళ పేర్లు చదివి, కొవ్వొత్తులు వెలిగించి ఏడ్చారు. వెతకడం ఆపేశారన్న ప్రకటన కల్వ్‌హోల్మెన్‌కీ వచ్చింది. కేంద్రం అధికారి బ్రెక్కె ఆ కాగితాన్ని గున్వర్ బల్ల మీద బోర్లించి, దాని మీద పెన్నులు పెట్టుకునే రేకు డబ్బా ఉంచాడు. ఆయన మాట తక్కువ మనిషి. "ఎప్పుడు చదవాలో పైవాళ్ళు రాయలేదు" అన్నాడు. "నేనూ అడగబోను."

అందుకని ఎప్పుడు ఆపాలన్నది ఆమె చేతికే వచ్చింది. ఆమె ఆపలేదు. రోజూ వాతావరణం చదవడం, ఆ తర్వాత పిలవడం. మధ్యలో ఉంచే ఖాళీ మాత్రం కొద్దికొద్దిగా పెరుగుతోంది. తను పెంచుతున్నట్టు ఆమెకే తెలియదు.

ఆ ఊళ్ళో సముద్రం ఎవరినైనా ఉంచేసుకుంటే ఆ కబురు ఇంటికి తెచ్చేది పాస్టరే. నల్లకోటు వేసుకుని ఆయన దారిన పడితే, తమ గుమ్మం దాటిపోయేదాకా ఆడవాళ్ళు కిటికీల వెనక ఊపిరి బిగబట్టుకునేవారు. ఆయన యెర్మున్ భార్య అల్ఫిల్ ఇంటికి వెళ్ళాడు. ఆమె తలుపు ఓరగా తీసి గుమ్మంలోనే నిలబడింది. "రేడియో ఇంకా పిలుస్తూనే ఉంది పాస్టరు గారూ. అది పిలుస్తున్న మనిషికి పోయినవాళ్ళ ప్రార్థన చేస్తారా?" అని తలుపు వేసేసింది. మళ్ళీ వెళ్ళినా అదే మాట, అదే తలుపు. సాయం చేద్దామని పాలూ చేపలూ తెచ్చిన ఇరుగుపొరుగు వాటిని మెట్ల మీద పెట్టి వెళ్ళిపోతున్నారు. ఆమె వాటిని లోపలికి తీసుకుంటోంది గానీ మనుషుల్ని రానివ్వడం లేదు.

ఒక పొద్దున ఆన్‌ఫిన్ రేడియో కేంద్రానికి వచ్చాడు. రిటైరై చాలాకాలమైంది, మోకాళ్ళు సహకరించవు, అయినా మంచులో అంత దూరం నడిచి వచ్చాడు. గుడ్డలో చుట్టి తెచ్చిన వెచ్చటి రొట్టెలు బల్ల మీద పెట్టి, టోపీ తీసి, చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"నీ ఖాళీలో ఒక కప్పు కాఫీ తాగెయ్యొచ్చంటున్నారమ్మాయ్, పడవల వాళ్ళు" అన్నాడు చివరికి.

గున్వర్‌కి కోపం వచ్చింది. "తాగమను బాబాయ్. నేనేమైనా వద్దన్నానా?"

"ఎవరూ తాగడం లేదు. నువ్వు పిలిచేటప్పుడు టోపీలు తీసేసి కూర్చుంటున్నారు. మొదటి వారం నుంచీ అంతే." ఆయన తన టోపీని మోకాలి మీద సరిచేసుకున్నాడు. "నీకే తెలీదు."

 ఆయన ఒక రొట్టె విరిచి పెద్ద ముక్క ఆమె వైపు జరిపాడు. అది ఆమె తినేదాకా కూర్చుని, తర్వాత లేచి వెళ్ళాడు.

మధ్యాహ్నం గున్వర్ తమ్ముడి ఇంటికి వెళ్ళింది. అల్ఫిల్ ఆమె ఒక్కదానికే తలుపు తీసేది. రేడియోలో పిలిచే మనిషి కదా మరి.

వంటింట్లో పొయ్యి వెలుగుతోంది. బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి. బల్ల మీద యెర్మున్ కంచం కూడా పెట్టే ఉంది. రేడియో కిటికీ పక్కన ఉంది, దాని కింద అల్ఫిల్ పెళ్ళినాటి కుట్టుపని గుడ్డ పరిచి ఉంది. రేడియో ఎదురుగా ఒక కుర్చీ. ఆ కుర్చీలోనే నిద్రపోతోందని కుర్చీ మీది దుప్పటి చెప్పకనే చెబుతోంది. మనిషి సగమైంది. జుట్టు మాత్రం నున్నగా దువ్వుకుంది. ఆ దువ్వుకున్న జుట్టు చూసి గున్వర్‌కి ఏడుపు వచ్చినంత పనైంది. ఎవరో వస్తారని దువ్వుకున్న జుట్టు అది.

కాఫీ పోస్తూ అల్ఫిల్, "నిన్న తొందరపడ్డావు వదినా" అంది.

"ఎప్పుడు?"

"పిలిచేటప్పుడు. మధ్యలో ఆగడం తగ్గించావు. పాపం ఆయనకి మీట నొక్కడానికే కొంతసేపు పడుతుంది, చేతులు గడ్డకట్టి ఉంటాయి కదా. ఇవాళ కొంచెం ఎక్కువసేపు ఆగు."

నిన్న అంతకుముందు రోజుకన్నా ఎక్కువే ఆగింది గున్వర్.  కాఫీ చేదుగా ఉంది, గుక్కెడు తాగి కప్పు కింద పెట్టింది.

పొయ్యి దగ్గర నేల మీద తూరి ఆడుకుంటోంది. అది అల్ఫిల్ కూతురు, ఇంకా బడికి వెళ్ళని పిల్ల. చేతిలో కట్టెపేళ్ళ పడవలున్నాయి. నీలం చాప సముద్రం. ఒక పేడుని చాప అంచు దాకా తోసి, ఇంకో పేడుని నోటి దగ్గర పెట్టుకుంది, మైకులాగా.

"హావ్..." అంది.

అని, ఖాళీ చెయ్యి పైకెత్తింది. అల్ఫిల్ కాఫీ గిన్నెని గాలిలోనే ఆపేసింది. గిన్నె ముక్కు నుంచి కారిన చుక్క కూడా ఆమె అరచేతిలోనే పడింది, చుర్రుమని ఉంటుంది, నోరు మెదపలేదు. కుర్చీ కింద పిల్లి కూడా తల ఎత్తకుండా కళ్ళు మాత్రం తెరిచి పడుకుంది. ఆ ఇంట్లో దానికీ ఆ సమయం అలవాటైపోయినట్టుంది. బంగాళాదుంపల గిన్నె మూత టకటకమంటుంటే అల్ఫిల్ అదే చేత్తో దాన్ని నొక్కి పట్టింది. పిల్ల చెయ్యి దించదు. ఊపిరి వదలదు. దాని మొహం ఎర్రబడింది.

"...ఎల్లా" అంది తూరి, చివరికి. అప్పుడు ఇల్లు మళ్ళీ కదిలింది.

గున్వర్ ఆ పిల్ల వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ చెయ్యెత్తడం తనెప్పుడూ నేర్పలేదు. రేడియోలో చేతులు కనిపించవు. అంటే ఆ చెయ్యి అల్ఫిల్‌ది. రోజుకి రెండుసార్లు, ఇంట్లో ఎవరూ దగ్గకూడదని, కుర్చీ కదపకూడదని, ఏడవకూడదని ఎత్తే చెయ్యి. గున్వర్ తమ్ముడి కోసం తెరిచి ఉంచుతున్నాననుకున్న సందులో వీళ్ళిద్దరూ కాపురం పెట్టేశారు. అందులో గాలి లేదు.

బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర అల్ఫిల్ ఆమె మెడకి శాలువా సరిగ్గా చుట్టి, మర్చిపోకు వదినా అంది. మర్చిపోనని గున్వర్ మాటిచ్చింది. తను ఇస్తున్నది వేరే మాటని అప్పటికే ఆమెకి తెలుసు. దారి పొడుగునా ఆ శాలువా బిగుతుగానే ఉంది, సడలించుకోవడానికి చెయ్యి రాలేదు.

సాయంత్రం ఎప్పట్లాగే బల్ల ముందు కూర్చుంది. బయట నీలపు చీకటి, దూరాన లైట్‌హౌస్ వెలుగు తిరుగుతోంది. బ్రెక్కె పక్కగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. ఆమె మీట నొక్కి వాతావరణం మొదలుపెట్టింది. ప్రతి మాటనీ అతుకు దగ్గరే కోసింది. "స్క్లిన్నా... బాంకెన్. సోర్... ఓస్ట్." మంచు విడిగా, జల్లు విడిగా. ఎక్కడో మొండి పెన్సిళ్ళు కదులుతున్నాయి. బతికున్నవాళ్ళు రాసుకోవాలి, వాళ్ళకి తేలిగ్గా ఉండాలి. 

వాతావరణం అయిపోయింది. పిలవవలసిన చోటు వచ్చింది. తీరమంతా ఊరుకుంది. వంటింట్లో అల్ఫిల్ చెయ్యెత్తి ఉంటుంది. తూరి ఊపిరి బిగబట్టి ఉంటుంది.

గున్వర్ రేకు డబ్బా పక్కకి జరిపి కాగితం తిరగేసింది. ముగ్గురు మనుషులతో వెళ్ళిన చేపల పడవ కోసం వెతకడం ముగిసిందని అందులో ఉంది. చదవడం మొదలుపెట్టింది. పడవ పేరు దాకా వచ్చేసరికి నాలుక అలవాటుగా హావ్ దగ్గర ఆగబోయింది. ఆమె ఆగనివ్వలేదు. ఈ పేరు రాసుకోవలసినవాళ్ళెవరూ లేరు. జవాబివ్వవలసినవాళ్ళూ లేరు. ఎండురొట్టె ముందు కూర్చున్న పిల్లవాడి వేలు, బల్ల మీది పొడి ఆమెకి గుర్తొచ్చాయి.

"హావెల్లా" అంది.

ఒక్క గుక్కలో, మధ్యలో ఏమీ లేకుండా, వాడు పిలిచినట్టే. రేడియోలో ఆ పేరు అలా పలకడం ఆమెకి అదే మొదలు.

ప్రకటన ముగించి మీట వదిలింది. నిబంధన ప్రకారం కాసేపు వినాలి. చిటపటలు వచ్చాయి. వాటి మధ్య 'టిక్' మని ఒక చప్పుడు. ఎవరో పడవలో మీట నొక్కి, ఏమీ మాట్లాడకుండా వదిలేశారు. ఇంకోటి. కాసేపటికి ఎక్కడో చాలా దూరం నుంచి మరోటి, వినీ వినపడకుండా. ఎవరూ పేరు చెప్పలేదు, ఎవరూ మాట్లాడలేదు. చిలక్కొయ్యల మీద టోపీలు తగిలించే చప్పుడులా ఉంది. గున్వర్ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని అవన్నీ అయ్యేదాకా కూర్చుంది.

బ్రెక్కె తలుపు తీసి, మిగతాది నేను చూసుకుంటాను, వెళ్ళమన్నాడు. ఆమె కోటు తనే పట్టుకుని నిలబడ్డాడు.

అల్ఫిల్ ఇంటికి దారి అంత పొడుగ్గా ఎప్పుడూ లేదు. తనకి తలుపు తీయదని గున్వర్‌కి నమ్మకంగా తెలుసు. ఇకముందు ఎప్పటికీ తీయకపోవచ్చు. రేడియోలో పిలిచే మనిషి కాబట్టే ఇన్నాళ్ళూ తీసింది. ఇప్పుడు ఆ పని పోయింది. మంచులో తన ముందు ఎవరో నడిచి వెళ్ళిన అడుగులున్నాయి. అడుగుల్లో అడుగు వేసుకుంటూ వెళ్ళింది, నడక కొంచెం తేలికైంది.

ఇంటి మెట్ల మీద పాస్టరు గారి రబ్బరు బూట్లు ఉన్నాయి. మంచు దులిపి, ఒకదాని పక్కన ఒకటి శ్రద్ధగా పెట్టి ఉన్నాయి. తలుపుకి గడియ వేసి లేదు.

లోపల రేడియో ఆపేసి ఉంది. పాస్టరు గారు కోటు విప్పి, మాట్లాడకుండా బంగాళాదుంపల తొక్క తీస్తున్నాడు. వేడికి వేళ్ళు ఊదుకుంటున్నాడు. అల్ఫిల్ నేల మీద, పొయ్యికి వీపు ఆనించి కూర్చుంది. జుట్టు విడిపోయి మొహం మీద పడింది. ఆమె ఏడుస్తోంది. ఇంతకాలం గొంతులోనే పెట్టుకున్నదంతా పెద్దగా, జంతువులాగా, ఆపుకోకుండా ఏడుస్తోంది. ఒళ్ళో తూరి అంతకన్నా పెద్దగా ఏడుస్తోంది, అమ్మ ఏడుస్తోందని. పిల్లి బెదిరి బల్ల ఎక్కబోయి గిన్నె మూత కింద పడేసింది. అది గిరగిరా తిరిగి, నేల మీద ఖంగుమంటూ చాలాసేపు మోగింది.

ఎవరూ చెయ్యెత్తలేదు.

అల్ఫిల్ తలెత్తి గున్వర్‌ని చూసింది. ఆ చూపులో క్షమించడం లేదు. క్షమించకపోవడమూ లేదు.

"ఆయన పిలిచినట్టే అన్నావు వదినా" అంది, ఎక్కిళ్ళ మధ్య.

తర్వాత పక్కకి కొంచెం జరిగింది, పొయ్యి ముందు ఒక మనిషికి చోటు చాలేంత. గున్వర్ కోటుతోనే వెళ్ళి కూర్చుంది.